దరఖాస్తు నడచు త్రోవ

ఏటేట వేసవిలో ఇంటర్మీడియేటు పరీక్షాఫలితములు వెలువడినతోడనే, చదువుకొన్న పిల్లలున్న ప్రతి గృహమునందును ఒకే ప్రసంగము జరుగుచుండును. అమ్మాయికి ఎన్ని మార్కులు వచ్చినవి, ఏ కళాశాలలో సీటు దొరకును, ఎవరిని ఆశ్రయించిన పని నెఱవేరును, అని పెద్దలు తర్కించుకొందురు. ఆ ప్రసంగమున తల్లి పాలు మిక్కిలి తక్కువ. ఆమె వంటయింటి గడపయొద్ద నిలిచి వినును; కాగితముల సంగతి మగవారికే తెలియునని యూరకుండును. నిజమునకు మగవారును ఆ కాగితములను విప్పి చూచుట యరుదు. అన్నిటిని ఒక సంచిలో వేసి పిల్లచేతి కిచ్చి, దేవరుప్పులలోనో జనగామలోనో యుండు ఇంటర్నెట్టు దుకాణమునకు పంపుదురు. అచ్చటి కుఱ్ఱవాడు పది నిమిషములలో ఏమో నొక్కి, ఒక చీటీ అచ్చువేసి యిచ్చును. ఒక ఆడుపిల్ల యొక్క మూడేండ్ల చదువు ఆ పది నిమిషములలో నిర్ణయమగుచున్నది.

మా వారు ఉపాధ్యాయులగుటచే, ఈ దినములలో పలువురు బాలికలు తమ కాగితములను చూపించుకొనుటకు మా యింటికి వచ్చుచుందురు. తల్లులును వారి వెంట వత్తురు. "మా పిల్ల మంచిగ చదువుతదని ఆ ఆఫీసోళ్లకు ఎట్ల తెలుస్తదమ్మా?" అని వారిలో ఒకామె మమ్మడిగినది. ఇది చాల మంచి ప్రశ్న. దీనికి సమాధానమేమనగా, ప్రవేశముల కార్యాలయము పిల్లను ఎన్నడును చూడదు. ఆమె ముఖమునుగాని, మాటనుగాని, తెల్లవాఱుజామున లేచి చదివిన శ్రమనుగాని అది యెఱుగదు. దానికి తెలిసినది ఆమె కాగితములు మాత్రమే. కాగితము ఏమి చెప్పునో అదియే ఆ కార్యాలయమునకు పిల్ల. కావున ఆ కాగితములు ఇల్లు వెడలిన పిమ్మట ఏ త్రోవను నడచునో, ఎచ్చట ఆగిపోవునో, తల్లులు తెలిసికొనుట అత్యవసరమని మా యభిప్రాయము.

ఒక్కొక్క కళాశాలకు ఒక్కొక్క దరఖాస్తు

పదియేండ్లకు పూర్వము మన రాష్ట్రమున డిగ్రీ చదువదలచినవారు ప్రతి కళాశాలకును వేర్వేఱుగా దరఖాస్తు పెట్టుకొనవలసి యుండెడిది. జనగామలో ఒకటి, హనుమకొండలో రెండు, హైదరాబాదులో మఱియొకటి, ఇట్లు తండ్రి బస్సులెక్కి తిరిగెడివాడు. ప్రతిచోట దరఖాస్తు వెల, ప్రతిచోట వరుసలో నిలువబడుట. అట్లు తిరుగజాలని బీదవాని కుమార్తెకు దగ్గఱ నున్న కళాశాలయే గతి. ఎవరికి ఎన్ని మార్కులకు సీటు వచ్చినదో, ఎవరికి ఎందులకు రాలేదో, బయటివారికి తెలిసెడిది కాదు.

ఈ యవస్థను తొలగించుటకై తెలంగాణ ప్రభుత్వము 2016వ సంవత్సరమున ఒకే ఆన్‌లైను పద్ధతిని నెలకొల్పినది. డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్, తెలంగాణ అను ఆంగ్లపదముల మొదటి యక్షరములను కూర్చి దానికి 'దోస్త్' అని పేరిడిరి. మన ప్రాంతమున ఆ మాటకు స్నేహితుడని యర్థమగుటచే పేరు సుళువుగా జనుల నోట నిలిచినది. ఉన్నత విద్యామండలి దీనిని నడపుచున్నది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము, 1976లో వరంగల్లులో నేర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయము, మఱియు తెలంగాణ, పాలమూరు, మహాత్మాగాంధీ, శాతవాహన విశ్వవిద్యాలయములు, వీనికి చెందిన కళాశాలలలో బి.ఏ., బి.కాం., బి.యస్సీ. మొదలగు తరగతుల ప్రవేశములు ఈ యొక్క ద్వారముననే జరుగుచున్నవి. మన జనగామ జిల్లాలోని డిగ్రీ కళాశాలలు కాకతీయ విశ్వవిద్యాలయమునకు చెందినవి.

ఇట్టి యేర్పాటు లోకమున క్రొత్తది కాదు. ఇంగ్లండు దేశమున విశ్వవిద్యాలయముల దరఖాస్తులను ఒకచోట చేర్చి చూచుటకు 1961లోనే ఒక ఉమ్మడి కార్యాలయమును ఏర్పఱచిరి. అచ్చటను కారణమిదియే: ఒకే విద్యార్థి నాలుగైదు చోట్ల దరఖాస్తు పెట్టుకొనుటవలన ఎవరు నిజముగా చేరుదురో, ఎవరు చేరరో తెలియక విద్యాలయములు చిక్కుపడుచుండెడివి. ఉమ్మడి కార్యాలయము పేదవానికిని కలవానికిని ఒకే వరుసను కల్పించును. అయితే ఆ వరుసలో నిలుచుటకు కొన్ని నియమము లున్నవి. వానిని తెలియనివారు వరుసలో నుండియు వెనుకబడుదురు.

బాలికను గుర్తించుట

దరఖాస్తునందు మొదటి మెట్టు నమోదు. బాలిక తన ఇంటర్మీడియేటు హాల్‌టికెట్టు సంఖ్యను, పుట్టిన తేదీని తెలుపగానే, ఆమె పేరు, తండ్రి పేరు, మార్కులు ఇంటర్మీడియేటు బోర్డు లెక్కలనుండి తమంతట తామే వచ్చి చేరును. మార్కులను మనము వ్రాయ నక్కఱలేదు. వ్రాసి మోసగించుటకు వీలును లేదు. ఇతర బోర్డులలో చదివినవారు మాత్రము తమ పత్రములను విశ్వవిద్యాలయపు సహాయ కేంద్రమున చూపించి సరిచూపించుకొనవలెను.

పిమ్మట ఆధార్ సంఖ్య. దానితో జతపఱచిన సెల్‌ఫోనుకు ఓ.టి.పి. అను కొన్ని యంకెలు వచ్చును. వానిని తెలిపినచో కార్యాలయము "ఈమెయే ఆమె" యని నమ్మును. నమోదు రుసుము మొదటి విడతలో 200 రూపాయలు, తరువాతి విడతలలో 400 రూపాయలు. రుసుము చెల్లించిన వెనుక బాలికకు ఒక దోస్త్ సంఖ్యయు, రహస్యముగా నుంచుకొనవలసిన ఒక పిన్ సంఖ్యయు లభించును.

చూచుటకు ఇది చాల సులభము. కాని మన పల్లెలలో దరఖాస్తులు ఎక్కువగా ఆగునది ఇచ్చటనే. ఒక కాగితమున పిల్ల పేరు ముందు ఇంటిపేరు పూర్తిగా నుండును. మఱియొక దానిలో ఇంటిపేరునకు ఒక పొడియక్షరము మాత్రముండును. బడిలో చేర్చిననాడు తాత చెప్పిన పేరొకటి, ఆధార్ తీయించిననాడు మేనమామ చెప్పిన పేరు మఱియొకటి. పుట్టిన తేదీ సంగతియు నట్టిదే. మనకు వారిరువురు ఒకే పిల్ల. యంత్రమునకు వారు ఇద్దఱు. దానిని బతిమాలుకొన వీలులేదు.

ఈ కాగితములన్నిటికి తల్లివేరు పదవ తరగతి మెమో. పేరునకును పుట్టిన తేదీకిని అదియే ప్రమాణముగా గ్రహింపబడును. కావున తక్కిన పత్రములను దానికి అనుగుణముగా దిద్దించుకొనవలెను. పదవ తరగతి పరీక్షకు బడినుండి పేర్లు పంపునపుడే తల్లి యొక్కసారి వెళ్ళి, అక్షరమక్షరము చూచుట మేలు. అప్పుడు దిద్దుట ప్రధానోపాధ్యాయుని కలముతో నగును. మెమో అచ్చుపడిన వెనుక దిద్దవలెనన్న బడినుండి దరఖాస్తు వ్రాయించి బోర్డుదాక నడపవలెను. దానికి నెలలు పట్టును. సీట్ల గడువు ఆ నెలలకొఱకు ఆగదు.

ఇక ఫోను. పెక్కిండ్లలో ఆడుపిల్ల ఆధార్‌తో జతపడిన ఫోను తండ్రిదో అన్నదో యైయుండును. మా యూరి పిల్ల యొకతె దరఖాస్తు వేయబోగా, ఆమె ఆధార్‌తో జతపడిన ఫోను అన్నయొద్ద హైదరాబాదులో నుండెను. అతడు కర్మాగారములో రాత్రి పని చేయువాడు. పనిలో నుండగా ఫోను బయట నుంచవలెను. ఇచ్చట దుకాణములో చెల్లెలు అంకెలకొఱకు ఎదురుచూచుట, అతడు చూచునప్పటికి వాని గడువు తీరిపోవుట, ఇట్లు మూడు దినములు గడచినవి. నాలుగవనాడు అన్న సెలవుపెట్టి వచ్చుటచే పని నెఱవేరినది. ఆ సెలవు దొరకనిచో ఏమగును? ఆడుపిల్లకు పదునెనిమిదేండ్లు రాకమునుపే ఆమె ఆధార్‌ను ఇంటిలో నుండు ఫోనుతో, సాధ్యమైనచో తల్లి ఫోనుతో, జతపఱచుట గృహకృత్యములలో నొకటిగా భావింపవలెను.

కాగితములు ఎందుల కడుగుదురు?

కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము తహశీలుదారు కార్యాలయమునుండి మీసేవ ద్వారా పొందవలెను. వీనిని ఊరక యడుగరు. కుల పత్రమునుబట్టి బాలికను ఏ వరుసలో చూడవలెనో నిర్ణయింతురు. ఉదాహరణమునకు, షెడ్యూల్డు తెగల పాలు 2022లో నూటికి 6 నుండి 10కి పెంచబడినది. మన మండలములోని తండాల ఆడుపిల్లలకు ఇది సామాన్యమైన మేలు కాదు. షెడ్యూల్డు కులములను 2025లో మూడు భాగములుగా చేసిరి; కావున తమ కులము ఏ భాగములో చేరినదో తెలిసికొని యుండుట మంచిది. ఇంతేకాక ప్రతి వర్గమునకు కేటాయించిన సీట్లలో మూడవవంతు స్త్రీలకు ప్రత్యేకింపబడినది. ఈ మధ్య సంవత్సరములలో డిగ్రీలో చేరువారిలో బాలురకంటె బాలికలే అధికముగా నుండుటయు చదువరులు గమనింపదగినది.

ఆదాయ పత్రమువలన ఫీజు తిరిగి యిచ్చు పథకమునకు అర్హత తేలును. వెనుకబడిన తరగతులవారికి గ్రామములందైనచో సంవత్సరాదాయము ఒకటిన్నర లక్షకు, పట్టణములందైనచో రెండు లక్షలకు మించరాదని నియమము. ఆదాయ పత్రము పాతదైనచో చెల్లదు. ఆ యేటి ప్రకటనలో చెప్పిన తేదీకి పిమ్మట పొందినదై యుండవలెను. దీనిని తెలియక నిరుటి పత్రమును పట్టుకొనిపోయి, చివరిదినమున మీసేవ వాకిట నిలువబడువారు ప్రతియేడును కానవత్తురు. పరీక్షలు ముగిసి ఫలితములు వచ్చులోపల నుండు ఖాళీ దినములే ఈ పనికి తగినవి.

కోరికల వరుస

రెండవ మెట్టు మిక్కిలి ముఖ్యమైనది. బాలిక తాను చేరగోరు కళాశాలలను, తరగతులను వరుసగా తెలుపవలెను. వీనిని వెబ్ ఆప్షన్లందురు. ఎన్నియైనను వ్రాయవచ్చును. ఒకే కళాశాలలోని బి.యస్సీ. ఒక కోరిక, బి.కాం. మఱియొక కోరిక. గడువుదాక వరుసను మార్చుకొనవచ్చును.

గడువు తీరినపిమ్మట లెక్క మొదలగును. దానిని ఒక చిన్న యుదాహరణముచే వివరింతుము. ముగ్గురు బాలికలు కలరనుకొందము. మొదటిదానికి 900 మార్కులు, రెండవదానికి 850, మూడవదానికి 800. హనుమకొండ కళాశాలలో ఒక్క సీటు, జనగామలో రెండు సీట్లు కలవనుకొందము. యంత్రము మొదట 900 మార్కులదానిని పిలిచి, "నీ మొదటి కోరిక యేది?" యని చూచును. ఆమె హనుమకొండ యని వ్రాసెను, సీటు ఖాళీగా నున్నది, ఇచ్చివేసెను. తరువాత 850 మార్కులదానిని చూచును. ఆమెయు మొదట హనుమకొండయే వ్రాసెను, అది నిండినది. అంతట ఆమె రెండవ కోరికను చూచును. జనగామ యని యున్నది, సీటిచ్చెను. ఇదంతయు ముగిసినగాని మూడవదాని వంతు రాదు. మూడవది జనగామనే మొదటి కోరికగా వ్రాసినను, దానికి ముందుగా చూడబడినది రెండవదియే.

ఈ లెక్కవలన తేలు నీతి యొకటి కలదు. పెద్ద కళాశాలను మొదట వ్రాసినచో, అది రాకపోయినప్పుడు చిన్నదియు చేయిజాఱునని మన తల్లులు భయపడుదురు. ఆ భయము నిరాధారము. 850 మార్కుల బాలిక హనుమకొండను మొదట వ్రాయుటచే జనగామలో ఆమెకేమియు నష్టము కలుగలేదు. కావున మనసులో నేది యెక్కువ యిష్టమో దానినే మొదట వ్రాయవలెను; తప్పక దొరకునని తోచినదానిని చివర వ్రాయవలెను. నడుమ తగినన్ని కోరికలుంచవలెను. ఒక్కటియే కోరిక వ్రాసి, అది నిండిపోయినచో, యంత్రమునకు చూపుటకు వేఱొకటి యుండదు. అప్పుడు మంచి మార్కులు వచ్చినపిల్లకును ఆ విడతలో సీటు రాదు.

మన యాడువారికి వినోదము గొలుపు సంగతి యొకటి యిచ్చట చెప్పెదము. 1962లో అమెరికాదేశమున డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అను ఇరువురు గణితశాస్త్రజ్ఞులు ఒక చిన్న వ్యాసము వ్రాసిరి. అందు వారు కళాశాల ప్రవేశములను, వివాహ సంబంధములను ఒకచోట చేర్చి విచారించిరి. పలువురు వరులు, పలువురు వధువులు, అందఱికిని తమతమ యిష్టముల వరుస లుండగా, "వీరికి వారిని చేసికొనియున్న బాగుండెడిది" యని ఇరుపక్షములును ఒక్కటిగా తలపోయు జంట యొక్కటియు మిగులకుండ సంబంధములు కుదుర్పవచ్చునా? కుదుర్పవచ్చునని వారు లెక్కకట్టి చూపిరి. ఆ విచారమునకు ఫలముగా 2012లో షాప్లీకి, ఆల్విన్ రోత్ అను మఱియొకనితో కలిపి, ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమాన మొసగిరి. అందఱికిని మార్కుల వరుస యొక్కటే యైనప్పుడు లెక్క యింకను తేలిక. అయినను మూలము మాత్రము మాఱదు: ఎవరి యిష్టమును వారు దాచక, భయపడక, ఉన్నదున్నట్లు వ్రాసినప్పుడే లెక్క న్యాయముగా నడచును.

తాళపుచెవి ఎవరిచేత నున్నది?

ఇంతవఱకు చెప్పినదంతయు బాలిక తన కోరికలను తానే వ్రాయుననుకొని చెప్పితిమి. వాడుకలో అట్లు జరుగుట తక్కువ. వేసవిలో కొందఱు ఊళ్ళు తిరిగి, "మేమే ఉచితముగా దరఖాస్తు వేసెదము, మీరు శ్రమపడవలదు" అని మంచిమాటలు చెప్పుదురు. హాల్‌టికెట్టు సంఖ్యను, ఫోనుకు వచ్చిన అంకెలను, పిన్‌ను తీసికొనిపోదురు. వారు తమకు లాభమున్న కళాశాలను మాత్రమే, అదియు ఒక్కటిగానే, కోరికగా వ్రాయుదురు. ఫలితము వచ్చుదాక ఇంటివారికి ఏమియు తెలియదు.

మేమెఱిగిన బాలిక యొకతెకు వృక్షశాస్త్రమన్న ప్రాణము. బి.యస్సీ. చదివి, పిమ్మట బి.ఎడ్. చేసి, బడిలో చెప్పవలెనని ఆమె యాశ. ఎవరో వేసిపెట్టిన దరఖాస్తువలన ఆమెకు వేఱొక యూరిలో కంప్యూటరుతో కూడిన బి.కాం. వచ్చినది. ఆమె పిన్ ఏదియని యడుగగా ఆమెకు తెలియదు; తండ్రికిని తెలియదు. "సీటు వచ్చినది కదా, ఏదైన నేమి" యని తండ్రి సమాధానము చెప్పెను. తల్లి మాత్రము ఊరకుండలేదు. వేసినవారి ఇంటికి రెండుమార్లు నడచి, ఆ సంఖ్యను తెచ్చి, రెండవ విడతలో కుమార్తెచేతనే కోరికలు వ్రాయించినది. ఆ పిల్ల ఇప్పుడు బి.యస్సీ. రెండవ సంవత్సరములో నున్నది. ఆ తల్లికి అక్షరములు చదువరావు. పోయినది తన బిడ్డ తాళపుచెవి యని మాత్రము ఆమె గ్రహించినది.

నిజమునకు పిన్ యనునది ఇనుపపెట్టె తాళపుచెవి వంటిది. మన నగలపెట్టె తాళపుచెవిని దారిని పోవువారి కిచ్చి, "మీరే తీసి సర్దిపెట్టుడు" అని చెప్పుదుమా? దుకాణములో కూర్చుండి దరఖాస్తు వేయించుకొన్నను దోషములేదు. కాని బాలిక ప్రక్కన కూర్చుండవలెను, కోరికల వరుసను ఇంటియొద్దనే కాగితముపై వ్రాసికొని పోవలెను, అచ్చువేసిన చీటీని ఆ కాగితముతో సరిచూచుకొని గాని లేవరాదు.

సీటు వచ్చిన తరువాత

సీటు కేటాయింపబడినదని ఫోనుకు వార్త రాగానే పని ముగిసినదనుకొనరాదు. ఆ సీటు ఇంకను మనది కాదు. నిర్ణీత దినములలోపల బాలిక తన పిన్‌తో తిరిగి ప్రవేశించి, "ఈ సీటును స్వీకరించుచున్నాను" అని తెలుపవలెను. దీనిని సెల్ఫ్ రిపోర్టింగు అందురు. కొందఱు ఏమియు చెల్లింపకయే, కొందఱు కొంత రుసుము చెల్లించియు దీనిని పూర్తిచేయుదురు. గడువులోపల తెలుపనిచో ఆమెకు సీటు అక్కఱలేదని కార్యాలయము తలంచి మఱియొకరి కిచ్చును. పెండ్లికో తిరునాళ్ళకో పోయి, ఫోను చూడక, సీటు పోగొట్టుకొన్నవారు కలరు.

స్వీకరించినంతమాత్రమున కట్టుపడిపోదుమనియు భయపడ నక్కఱలేదు. స్వీకరించిన పిమ్మటను తరువాతి విడతలో ఇంకను మేలైనదానికై కోరికలు వ్రాయవచ్చును. మేలైనది వచ్చినచో పాతది పోవును. రానిచో పాతది నిలుచును. కావున పోయినను పరవాలేదనుకొను కళాశాలలను తిరిగి వ్రాయరాదు. చేతనున్నదానికంటె నిజముగా మేలైనవానినే వ్రాయవలెను. తుదకు అదే కళాశాలలో ఒక తరగతినుండి మఱియొక తరగతికి మాఱుటకును ఒక యవకాశ మిత్తురు.

అటుపిమ్మట కళాశాలకు స్వయముగా పోవు దినము వచ్చును. పదవ తరగతి మెమో, ఇంటర్మీడియేటు మెమో, టి.సి., చదువు ధ్రువపత్రములు, కుల, ఆదాయ పత్రములు, ఫొటోలు, వీని నకళ్ళు, అన్నియు తీసికొనిపోవలెను. అచ్చటి గుమాస్తా అసలును, నకలును, యంత్రములోని వివరమును మూటిని పోల్చి చూచును. మూడును ఏకమైనప్పుడే ప్రవేశపు రిజిష్టరున పేరెక్కును. ఆ పట్టికలు విశ్వవిద్యాలయమునకు పోవును. అచ్చటను అర్హతను మరల విచారించి, పిమ్మటనే పరీక్షలకు సంఖ్య నిత్తురు. ఇన్ని చేతులు మాఱుటచే పని యాలస్యమగుచున్నదని కొందఱు విసుగుకొందురు. కాని ఒకచేయి చేసిన పొరపాటును మఱియొకచేయి పట్టుటకే ఈ యేర్పాటు.

ఇచ్చట తల్లిదండ్రులు తెలిసికొనవలసిన హక్కు ఒకటి కలదు. మార్కుల పత్రములు మొదలగు అసలు కాగితములను సరిచూచి తిరిగి యిచ్చివేయవలెననియు, కళాశాలలు వానిని తమయొద్ద పట్టిపెట్టుకొనరాదనియు యు.జి.సి. 2018లో ప్రకటించినది. ఆ ప్రకటన చదువు మానుకొన్నవారి ఫీజు తిరిగి యిచ్చు సంగతినిగూడ నిర్ణయించినది. "మీ కాగితములు మాయొద్దనే యుండును" అని ఎవరైన ననినచో, మర్యాదగానే, కాని గట్టిగా, ఈ మాట చెప్పి తిరిగి పుచ్చుకొనవలెను.

ఏ కళాశాల?

కోరికల వరుసను వ్రాయించునప్పుడు ఇంటిలో వచ్చు గొప్ప చర్చ దూరమునుగూర్చినది. కుమారుడైనచో హైదరాబాదు దూరము కాదు; కుమార్తె యైనచో జనగామయు దూరమే. దేవరుప్పుల జనగామ-సూర్యాపేట మార్గమున నుండుటచే మనకు బస్సుల కొదవలేదు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితమైనది. కావున బస్సు ఛార్జీయను నెపము పోయినది. జనగామలో ఎ.బి.వి. ప్రభుత్వ డిగ్రీ కళాశాల కలదు. హనుమకొండలో పింగిళి ప్రభుత్వ మహిళా కళాశాల కలదు. జనగామనుండి రైలులో కాజీపేటకును, సికింద్రాబాదునకును పోవచ్చును.

హైదరాబాదు కోఠిలో, పూర్వము ఇంగ్లీషు రెసిడెంటు నివసించిన భవనమున, మహిళా కళాశాల యొకటి చిరకాలముగా నున్నది. 1924లో ఆరంభమైన ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. దానికిప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. ఐలమ్మ మనకు పరాయిది కాదు. మన ప్రక్క మండలమగు పాలకుర్తిలో బ్రదికిన మనిషి. తాను దున్నిన భూమిని లాగికొనజూచిన విసునూరు దేశముఖునకు ఎదురునిలిచి, 1985లో కన్నుమూసినది. ఆ దినములలో వ్రాత పట్వారీచేతిలోను, భూమి దేశముఖుచేతిలోను నుండెడివి. వ్రాసినదేమో తెలియక వేలిముద్ర వేసి, తరములుగా సాగుచేసిన నేలను పోగొట్టుకొన్నవారు ఈ ప్రాంతమున నెందఱో కలరు. కాగితము మన చేతిలో లేనప్పుడు ఏమి జరుగునో మన జనగామ ప్రాంతపు స్త్రీలకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. అట్టి ప్రాంతమున, ఐలమ్మ పేరు దాల్చిన విద్యాలయము వఱకు త్రోవ తెఱచియుండగా, మన కుమార్తెలు ఏమి వ్రాసిరో తెలియని దరఖాస్తునకు వేలు నొక్కి వచ్చుట మనకు తగునా?

దూరము పోవలెనా, దగ్గఱనే యుండవలెనా యనుట ఆయా కుటుంబముల స్థితినిబట్టి యుండును. మేము దానిని శాసింపము. కాని ఆ నిర్ణయము పిల్లతో కూర్చుండి మాటాడిన పిమ్మట జరుగవలెను. ఆమె కేది యిష్టమో అడుగక, దుకాణమువాని తొందరనుబట్టి జరుగరాదు.

మనము చేయవలసినది

ప్రతి గృహిణియు కుమార్తె పదవ తరగతిలో ప్రవేశించిన నాటనుండి ఒక గట్టి సంచిని కుట్టించి, ఆమె పత్రములను అందుంచవలెను. ప్రతి పత్రమునకును మూడు నకళ్ళు తీయించి యుంచవలెను. పేర్లు, తేదీలు అన్నిటిలో ఒక్కతీరుగా నున్నవో లేవో చదువుకొన్నవారిచేత చూపించుకొనవలెను. ఆధార్‌తో జతపడిన ఫోను ఇంటిలో నుండునట్లు చూడవలెను. దోస్త్ సంఖ్యను, పిన్‌ను పిల్ల తన నోటుపుస్తకమున వ్రాసికొని, తల్లికి తప్ప వేఱొకరికి చెప్పకుండవలెను. ప్రతి విడత గడువు తేదీని ఇంటి క్యాలెండరుమీద, పాలలెక్క వ్రాసికొను చోటనే, గుర్తించుకొనవలెను. ఈ పనులలో నేదియు పెద్దచదువు కావలసినది కాదు. ఉప్పు పప్పులు ఏ డబ్బాలో నున్నవో చీకటిలోగూడ తెలియు మన చేతులకు ఇవి కష్టము కావు.

పెండ్లియై, చదువు నడుమ నాగిపోయిన సోదరీమణులకును ఒకమాట. మన దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే నెలకొల్పబడినది. దానికి ఇప్పుడు డాక్టరు అంబేద్కరు గారి పేరున్నది. ఇంటిపని చేసికొనుచునే అందు డిగ్రీ చదువవచ్చును. కుమార్తె దరఖాస్తును నేర్చుకొన్న తల్లి, కొంతకాలమునకు తన దరఖాస్తునుగూడ తానే వేసికొనవచ్చును.

కార్యాలయము పిల్లను చూడదని మొదట చెప్పితిమి. చూచువారము మనమే. పిల్లయొక్క శ్రమను, ఆశను కన్నులార చూచిన తల్లి, అవి కాగితముమీదికి చెడిపోకుండ చేరునట్లు కనిపెట్టి యుండవలెను. ఈ వేసవిలో మీ యింటినుండి దరఖాస్తు పోవునెడల, సంచి విప్పి ఒక్కసారి కూర్చుండుడు. అక్షరములు రానిచో కుమార్తెచేత చదివించుకొని వినుడు. ఆమె కోరిక యేదియో మొదట వినునది మీరే కావలెనని మా ప్రార్థన.